సూదికీ అయస్కాంతానికీ మధ్య ఉన్న ఖాళీ

(6, 7, 8 తరగతుల విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలూ, అందరికీ కనిపిస్తోందా? వెనక వరసలో ఉన్నవాళ్లు ముందుకొచ్చి కింద కూర్చోండి. ఇది దండాయస్కాంతం. బల్ల మీద ఉన్నది మామూలు గుండుసూది. అయస్కాంతాన్ని మెల్లగా సూది వైపు జరుపుతున్నాను. ఇంకా తగల్లేదు. ఇంకొంచెం... ఇంకొంచెం... చూశారా! నేను తాకించకముందే సూది ఎగిరొచ్చి అతుక్కుంది.

ఇంకోసారి చేస్తాను. ఈసారి అయస్కాంతాన్ని వదిలేయండి, సూదిని కూడా వదిలేయండి. సూది కదలబోయే ముందు ఆ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీని చూడండి. వేలి మందం ఉంటుందేమో. అందులో దారం లేదు, గమ్ లేదు, ఎవరూ నెట్టడం లేదు. అయినా అయస్కాంతం దగ్గరికొచ్చిన సంగతి సూదికి తెలిసింది! ఎలా తెలిసింది? ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఆ ఖాళీ గురించే. అయస్కాంతం అంటే మీ చేతికి తగిలే ఈ ఇనుప దిమ్మ మాత్రమే అనుకుంటే సగమే తెలిసినట్టు. మిగతా సగం దాని చుట్టూ ఉన్న ఖాళీలో ఉంది.

అక్కడికి వెళ్లేముందు మీకు తెలిసిన సంగతులు ఒకసారి సరిచూసుకుందాం. అయస్కాంతం వేటిని లాగుతుంది?

(పిల్లలు: "ఇనుము!" "లోహాలన్నింటినీ!")

లోహాలన్నింటినీ అన్నది ఎవరు? నువ్వేనా అమ్మా? ఇలా రా. ఇది రాగి తీగ, ఇది అల్యూమినియం రేకు, ఇది ఇత్తడి తాళంచెవి. ఒక్కోదాన్నీ అయస్కాంతానికి తాకించి చూడు. ఏదీ అంటుకోవడం లేదు కదా! బంగారం, వెండి కూడా అంతే. గది వేడిమి దగ్గర బలంగా ఆకర్షణకు లోనయ్యే లోహాలు మనకు పరిచయమైనవి మూడే: ఇనుము, నికెల్, కోబాల్ట్. వీటితో చేసిన కొన్ని మిశ్రమ లోహాలు కూడా ఆ జాబితాలోకి వస్తాయి. స్టీలు సంగతి తమాషాగా ఉంటుంది. స్టీలులో ఇనుమే ఎక్కువ, అయినా కొన్ని స్టెయిన్‌లెస్ స్టీలు చెంచాలు అయస్కాంతానికి అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు. లోపల పరమాణువులు పేర్చుకున్న తీరు వేరు కావడం వల్ల ఆ తేడా. ఇంటికెళ్లి వంటింట్లో పరీక్షించండి.

ఇక ధ్రువాలు. ఈ పళ్లెంలో ఇనుప రజను ఉంది. దండాయస్కాంతాన్ని అందులో దొర్లించి పైకి తీస్తున్నాను. రజను రెండు కొసల దగ్గర గుత్తులుగా పట్టుకుంది, మధ్యలో దాదాపు ఏమీ లేదు. బలం ఎక్కువగా బయటపడే ఈ రెండు చోట్లే ధ్రువాలు. దారం కట్టి వేలాడదీస్తే ఒక కొస ఎప్పుడూ ఉత్తరం వైపు తిరిగి ఆగుతుంది. అది ఉత్తర ధ్రువం, రెండోది దక్షిణ ధ్రువం. సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి, విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి. ఇది మీ అందరికీ కంఠతా వచ్చని తెలుసు, అందుకే మీకొక చిక్కు ప్రశ్న వేస్తాను.

నా చేతుల్లో రెండు కడ్డీలున్నాయి. రంగు ఒకటే, పొడవు ఒకటే, బరువు ఒకటే. ఒకటి అయస్కాంతం, రెండోది ఉత్త ఇనుము. ఈ రెండు కడ్డీలు తప్ప మీ దగ్గర ఇంకేమీ లేవు. సూది లేదు, దారం లేదు, దిక్సూచి లేదు. ఏది అయస్కాంతమో ఎలా చెబుతారు?

(కొంతసేపు నిశ్శబ్దం. ఒక అబ్బాయి: "దగ్గరపెడితే లాక్కుంటాయి సార్.")

లాక్కుంటాయి, నిజమే. కానీ ఏది దేన్ని లాగింది? అయస్కాంతం ఇనుమును లాగినా, ఇనుము అయస్కాంతాన్ని లాగినా మనకు కనిపించేది ఒకటే. ఆ కొసల గురించి ఆలోచించండి. ఇప్పుడే రజనులో ఏం చూశాం?

(ఒక అమ్మాయి: "మధ్యలో బలం లేదు!")

శభాష్! దారి దొరికింది. ఒక కడ్డీ కొసను రెండో కడ్డీ నడిమికి తాకించాలి. చేతిలో పట్టుకున్నది అయస్కాంతమైతే దాని కొస ఇనుప కడ్డీ నడుమును కూడా గట్టిగా పట్టుకుంటుంది. చేతిలోది ఉత్త ఇనుమైతే, అది తాకుతున్నది అయస్కాంతం నడుముని. అక్కడ బలం దాదాపు లేదు కాబట్టి పట్టు తెలియదు. ఈ చిక్కును విప్పింది ఆ అమ్మాయి ఇందాక కళ్లతో చూసిన రజనే. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. రెండు వస్తువులు ఆకర్షించుకుంటే ఒకటి అయస్కాంతం కావచ్చు, రెండూ కావచ్చు, చెప్పలేం. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటే మాత్రం రెండూ అయస్కాంతాలే. నిజమైన పరీక్ష వికర్షణే.

సరే, ఉత్తర ధ్రువం ఒక్కటే కావాలనుకుందాం. అయస్కాంతాన్ని మధ్యకు విరిస్తే ఒక చేతిలో ఉత్తరం, ఇంకో చేతిలో దక్షిణం వస్తాయా? రావు. విరిగిన ప్రతి ముక్కకూ మళ్లీ రెండు ధ్రువాలుంటాయి. ముక్కను మళ్లీ విరిచినా అంతే. ఈ సంగతిని 1269లోనే పీటర్ పెరిగ్రినస్ అనే ఫ్రెంచి పండితుడు సూదంటురాయి మీద పరీక్షించి ఒక లేఖలో రాశాడు. సూదంటురాయి అంటే భూమిలో సహజంగా దొరికే అయస్కాంతపు రాయి, మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. ఏడున్నర శతాబ్దాల కిందట ఒక మనిషి రాయిని పగలగొట్టి, ముక్కల్ని నీళ్లమీద తేలేలా చేసి, ఏ కొస ఎటు తిరుగుతుందో ఓపిగ్గా చూశాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఎంత విరిచినా రెండు ధ్రువాలు ఎందుకుంటాయి? ఇనుము లోపలికి వెళ్లాలి. ప్రతి పరమాణువులోనూ ఎలక్ట్రాన్లుంటాయని పెద్ద తరగతుల్లో చదువుతారు. ప్రతి ఎలక్ట్రానూ ఒక అతి చిన్న అయస్కాంతమే. చాలా పదార్థాల్లో అవి జతలు జతలుగా ఎదురెదురు దిశల్లో ఉండి ఒకదాని ప్రభావాన్ని ఒకటి చెరిపేసుకుంటాయి. ఇనుములో జత కుదరనివి కొన్ని మిగిలిపోతాయి. అందుకే ఇనుప పరమాణువు తనకు తానే ఒక బుల్లి అయస్కాంతం. పక్కపక్కనున్న పరమాణువులు కోట్లకొద్దీ ఒకే దిశకు తిరిగి గుంపులు కడతాయి. ఆ గుంపుల్ని డొమైన్లు అంటారు.

ఇప్పుడు మీరంతా డొమైన్లు. ఎవరికి తోచిన వైపు వాళ్లు మొహం తిప్పండి. కిటికీ వైపు, తలుపు వైపు, వెనక్కి, ఎటైనా సరే. బాగుంది. ఇది మామూలు ఇనుప మేకు. లోపల బుల్లి అయస్కాంతాలు బోలెడున్నా ఒకరి బలం ఇంకొకరి బలాన్ని కొట్టేస్తోంది, బయటికి ఏమీ తెలియదు. ఇప్పుడు అందరూ నా వైపు తిరగండి. ఇదీ అయస్కాంతం! ఈ హాలును ఒక గోడతో రెండుగా చేసినా అటు సగంలోనూ అందరూ ఒకే వైపు చూస్తుంటారు, ఇటు సగంలోనూ అంతే. ప్రతి సగానికీ ఒక ముందు, ఒక వెనక. విరిచిన ముక్కకు మళ్లీ రెండు ధ్రువాలు రావడం ఇందుకే.

మేకును అయస్కాంతంతో ఒకే దిశలో పదేపదే రుద్దితే అదీ అయస్కాంతమవుతుంది, డొమైన్లు ఒక వరసకు వస్తాయి కాబట్టి. అటూ ఇటూ రుద్దకండి, ఒక కొసనుంచి రెండో కొసదాకా లాగి, పైకెత్తి, మళ్లీ మొదటి కొసకే రావాలి. అయస్కాంతాన్ని సుత్తితో కొడితే వరస చెదురుతుంది. బాగా వేడిచేసినా చెదురుతుంది. ఇనుమైతే 770 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆ అమరిక నిలవదు. వేడికి అయస్కాంతత్వం ఎలా మారుతుందో 1895లో పియరీ క్యూరీ పరిశోధించి రాశారు కాబట్టి ఆ వేడిమికి క్యూరీ ఉష్ణోగ్రత అని పేరు.

మన ఖాళీ దగ్గరికి వద్దాం.

ఈ గాజు పలక కింద దండాయస్కాంతం పెట్టాను. పలక మీద తెల్లకాగితం పరిచాను. ఇప్పుడు ఉప్పు చల్లినట్టు ఇనుప రజను పల్చగా చల్లుతున్నాను. ఇంకా ఏమీ కనిపించడం లేదు, ఉత్త బూడిద రంగు పొడి. పలకను వేలితో మెల్లగా తడుతున్నాను. ముందు వరస వాళ్లు వంగి చూడండి, వెనకవాళ్లు తెర మీద చూడండి.

(పిల్లలు: "గీతలు! గీతలొస్తున్నాయి!")

ఎంత అందంగా వచ్చాయో! ఒక ధ్రువం నుంచి బయల్దేరి, విల్లులా వంగి, రెండో ధ్రువానికి చేరుతున్నాయి. కొసల దగ్గర ఒత్తుగా, దూరం పోయేకొద్దీ పలచగా. ఇందాక సూది ఎగిరిన ఖాళీ ఇదే. మనకు ఏమీ లేనట్టు కనిపించినచోట ఇంత అమరిక ఉంది. అయస్కాంతం ప్రభావం తెలిసే ఈ ప్రాంతం మొత్తాన్ని అయస్కాంత క్షేత్రం అంటాం.

రజను ఎందుకిలా వరసకట్టింది? ఇనుము అయస్కాంతం దగ్గరికి రాగానే కాసేపు తానూ అయస్కాంతమవుతుంది. దీన్ని అయస్కాంత ప్రేరణ అంటారు. చూడండి, అయస్కాంతానికి ఒక మేకు తగిలించాను, ఆ మేకు కింద ఇంకో మేకు పట్టుకుంది, దాని కింద ఇంకోటి. పైనున్న మేకును అయస్కాంతం నుంచి విడదీస్తే మిగతావి రాలిపోతాయి. కాగితం మీద ప్రతి రజను పొడీ ఇలాగే బుల్లి అయస్కాంతమై, దిక్సూచి ముల్లులా క్షేత్రం దిశకు తిరిగి, పక్కదాని కొసను పట్టుకుంది. సూది ఎగరడానికి ముందు జరిగింది కూడా ఇదే. క్షేత్రం సూదిని ముందు అయస్కాంతంగా మార్చింది, ఆ తర్వాతే లాక్కుంది. ఆకర్షణ కంటే ముందు ప్రేరణ జరుగుతుంది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఇక్కడ పెద్దవాళ్లు కూడా పొరబడతారు. గీతకూ గీతకూ మధ్య తెల్లకాగితం కనిపిస్తోంది కదా, అక్కడ క్షేత్రం లేదా?

(కొందరు "లేదు", కొందరు "ఉంది".)

తేల్చుకుందాం. రజనంతా తీసేసి మళ్లీ చల్లుతున్నాను. తట్టాను. ఆకారం అదే వచ్చింది. కానీ తెర మీద ఇందాకటి ఫోటో పక్కన పెట్టి చూడండి, ఇందాక ఖాళీగా ఉన్నచోట ఇప్పుడు గీత ఉంది, గీత ఉన్నచోట ఖాళీ వచ్చింది. క్షేత్రం అంతటా ఉంది. రజను ఎక్కడ గుంపు కట్టిందో అక్కడ గీత కనిపిస్తుంది, అంతే. ఖాళీ అనిపించిన చోట చిన్న దిక్సూచి పెడితే దాని ముల్లు కూడా తిరుగుతుంది. మన పుస్తకంలో గీసే బలరేఖలు క్షేత్రాన్ని అర్థం చేసుకోవడానికి మనం గీసుకున్న బొమ్మ. గాలిలో అలాంటి తీగలేమీ వేలాడుతూ ఉండవు. బొమ్మ మాత్రం చాలా గొప్పది, ఎందుకంటే ఒక్క చూపులో రెండు సంగతులు చెబుతుంది: ఏ చోట క్షేత్రం ఏ దిశలో ఉంది, ఎంత బలంగా ఉంది. గీతలు ఒత్తుగా ఉంటే బలమెక్కువ. దిశ చూపడానికి అయస్కాంతం బయట ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువానికి బాణం గుర్తు వేస్తాం. లోపల దక్షిణం నుంచి ఉత్తరానికి సాగి గీత మూసుకుంటుంది. రెండు గీతలు ఒకదాన్నొకటి ఖండించుకోవు. ఖండించుకుంటే ఆ చోట పెట్టిన దిక్సూచి ముల్లు ఒకేసారి రెండు దిక్కులు చూపించాలి, అది కుదరదు కదా!

ఇంకో పొరపాటు కాగితం వల్ల వస్తుంది. కాగితం బల్లపరుపుగా ఉంది కాబట్టి క్షేత్రం కూడా అలాగే ఉందనుకుంటాం. అది అయస్కాంతానికి పైన, కింద, పక్కల, అన్ని వైపులా ఉంది. నూనె నింపిన ఈ గాజు సీసాలో రజను కలిపి, నడుమనున్న గొట్టంలోకి అయస్కాంతం దించుతున్నాను. రజను అన్ని వైపులకూ ముళ్లపందిలా లేచింది. మనం కాగితం మీద చూసింది ఈ ఆకారంలోంచి కోసిన ఒక్క పొర.

క్షేత్రానికి కాగితం అడ్డమా? కాదు. గాజు, చెక్క, నీళ్లు, నా అరచెయ్యి, ఏవీ అడ్డం కావు. ఇదిగో, అరచేతికి ఒకవైపు అయస్కాంతం, రెండో వైపు సూది, నిలిచింది. గాలి పూర్తిగా తీసేసిన గాజు గదిలో కూడా అయస్కాంతం సూదిని లాగుతుంది. ఇనుము మాత్రం వేరు. క్షేత్రంలో ఇనుప పలక ఉంటే బలరేఖలు దాని వైపు వంగి, ఎక్కువభాగం దానిలోంచే పోతాయి. సున్నితమైన పరికరాల్ని బయటి అయస్కాంత ప్రభావం నుంచి కాపాడటానికి చుట్టూ ఇలాంటి లోహపు తొడుగే వేస్తారు.

దూరం పెరిగితే ఏమవుతుంది? చాలా వేగంగా బలహీనపడుతుంది. దండాయస్కాంతం పొడవుతో పోలిస్తే బాగా దూరంలో నిలబడి, ఆ దూరాన్ని రెట్టింపు చేస్తే బలం సగానికి కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే సూది అంతసేపు కదలకుండా ఉండి, ఒక్కసారిగా ఎగిరింది. అంతకుముందు కూడా దాన్ని క్షేత్రం లాగుతూనే ఉంది, బల్ల మీద రాపిడిని గెలిచేంత బలం అందలేదు, అంతే.

ఖాళీలో ఏదో ఉందని గట్టిగా నమ్మినవాడు మైఖేల్ ఫారడే. ఇంగ్లండులో కమ్మరి కొడుకు. పెద్ద చదువు లేదు. పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పనికి కుదిరి, బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదువుకుని శాస్త్రవేత్త అయ్యాడు. ఆ రోజుల్లో చాలామంది పండితులు అయస్కాంతం దూరం నుంచే నేరుగా ఇనుము మీద పనిచేస్తుందని, మధ్యలో ఉన్న జాగాతో పనిలేదని అనుకునేవారు. ఫారడే రజను గీతల్ని చూసి, మధ్యలో ఉన్న జాగాలోనే అసలు సంగతంతా ఉందన్నాడు. మైనం పూసిన కాగితాల మీద ఆ ఆకారాల్ని చెదరకుండా అతికించి దాచాడు కూడా. ఆయనకు గణితం పెద్దగా రాదు. తర్వాత జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఆ ఊహను సమీకరణాల్లో పెట్టాడు. విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు కలిసి తరంగాలుగా ప్రయాణిస్తాయని, కాంతి అలాంటి తరంగమేనని 1865లో ప్రచురించిన వ్యాసంలో చెప్పాడు. రేడియో, సెల్‌ఫోన్, అన్నీ ఆ దారిలో వచ్చినవే. ఇంకో మాట, ఫారడే పనిచేసిన లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఆయనే 19 సార్లు వాటిని చేశాడు. అంత పెద్ద శాస్త్రవేత్త మీ వయసు పిల్లల ముందు నిలబడి ప్రయోగాలు చేసి చూపించడాన్ని తన పనిలో భాగంగా చూశాడు.

విద్యుత్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క ప్రయోగం. ఈ రాగి తీగను దిక్సూచి మీదుగా, ముల్లుకు సమాంతరంగా పట్టుకున్నాను. రాగిని అయస్కాంతం లాగదని ఇందాక చూశాం. ఇప్పుడు తీగ రెండు కొసల్నీ బ్యాటరీకి ఒక్క క్షణం తాకిస్తాను. ముల్లు తిరిగింది! తీసేశాను, మళ్లీ వెనక్కి వచ్చింది. బ్యాటరీని తిప్పి పెడితే ముల్లు ఎదురు దిశలో తిరుగుతుంది. 1820లో డెన్మార్క్‌లో హాన్స్ క్రిస్టియన్ ఆయిర్‌స్టెడ్ ఉపన్యాసం ఇస్తూ ఈ కదలికనే గమనించాడు. అప్పటిదాకా విద్యుత్ వేరు, అయస్కాంతత్వం వేరు అనుకునేవారు. కరెంటు ప్రవహించే ప్రతి తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. తీగను మేకు చుట్టూ చాలా చుట్లు చుట్టి కరెంటు పంపితే ఆ క్షేత్రాలన్నీ కలిసి బలమైన విద్యుదయస్కాంతం అవుతుంది. కావాల్సినప్పుడు పనిచేయించి, వద్దనుకుంటే ఆపేయగల అయస్కాంతం! కాలింగ్ బెల్లులో, ఫ్యానులో, పాత ఇనుమును ఎత్తే క్రేనులో ఉండేది ఇదే. 1831లో ఫారడే దీన్ని తిరగేసి, తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిలిస్తే కరెంటు పుడుతుందని చూపించాడు. విద్యుత్ కేంద్రాల్లో జనరేటర్లు పనిచేసేది ఆ సూత్రం మీదే.

ఇప్పుడు మీరందరూ లోపల కూర్చుని ఉన్న పెద్ద క్షేత్రం గురించి చెబుతాను. దిక్సూచి ముల్లు ఉత్తరం వైపు ఎందుకు తిరుగుతుంది? ఉత్తరాన అయస్కాంతపు కొండ ఉందని పూర్వం కొందరు అనుకునేవారు. 1600లో విలియం గిల్బర్ట్ అనే ఇంగ్లీషు వైద్యుడు సూదంటురాయిని గుండ్రంగా చెక్కించి, దాని మీద చిన్న ముల్లు అక్కడా ఇక్కడా పెట్టి చూశాడు. నావికుల దిక్సూచులు భూమి మీద ఎలా ప్రవర్తిస్తాయో ఆ ముల్లు కూడా రాతి బంతి మీద అలాగే ప్రవర్తించింది. భూమే పెద్ద అయస్కాంతం అని తేల్చాడు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. దిక్సూచి ముల్లు ఉత్తర ధ్రువం ఉత్తరానికి లాగబడుతోంది. విజాతి ధ్రువాలు కదా ఆకర్షించుకునేది! అంటే భూమి ఉత్తర దిక్కున ఉన్నది అయస్కాంత స్వభావంలో ఏ ధ్రువం?

(పిల్లలు: "దక్షిణ ధ్రువం!")

అవును, అంతే. మ్యాపులో ఉత్తరాన ఉన్న ఆ చోటు అయస్కాంత లెక్కలో దక్షిణ ధ్రువంలా పనిచేస్తుంది.

భూమి లోపల పెద్ద దండాయస్కాంతం ఉన్నట్టు పుస్తకంలో బొమ్మ వేస్తారు. అలాంటిదేమీ లేదు, ఉండలేదు కూడా. ఎందుకో మీరే చెప్పగలరు, ఇనుము 770 డిగ్రీలు దాటితే ఏమవుతుందో ఇందాకే చెప్పుకున్నాం. భూమి లోపల 2,900 కిలోమీటర్ల లోతు నుంచి సుమారు 5,150 కిలోమీటర్ల వరకు ఉన్న బాహ్య కేంద్రమండలంలో వేడి 4,000 డిగ్రీలు దాటుతుంది. అక్కడ ఇనుము, నికెల్ ద్రవంగా ఉన్నాయి. ఆ ద్రవలోహం వేడికి పైకీ కిందకీ కదులుతుంది, భూభ్రమణం వల్ల సుళ్లు తిరుగుతుంది. కదిలే లోహంలో కరెంట్లు పుడతాయి, కరెంటు చుట్టూ క్షేత్రం ఉంటుంది. ఆయిర్‌స్టెడ్ తీగ చుట్టూ చూసింది, మన కాళ్ల కింద ఎంతో లోతున అంత పెద్ద ఎత్తున జరుగుతోంది.

ద్రవం కదులుతూ ఉంటుంది కాబట్టి ధ్రువం కూడా ఒకచోట ఉండదు. ఉత్తరాన ఉంది కాబట్టి దాన్ని ఉత్తర అయస్కాంత ధ్రువం అనే పిలుస్తారు. 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ అనే బ్రిటిష్ నావికుడు కెనడా ఉత్తర భాగంలో దాన్ని చేరుకున్నాడు. అక్కడ స్వేచ్ఛగా తిరిగే ముల్లు దాదాపు నిటారుగా నేలవైపు చూపింది. ఆ ధ్రువం ఇప్పుడు కెనడాను దాటి సైబీరియా వైపు పోతోంది. ఈ శతాబ్దం మొదట్లో ఏడాదికి 50 కిలోమీటర్లకు పైగా జరిగింది. చాలాకాలానికి ఒకసారి ఉత్తర, దక్షిణాలు పూర్తిగా తారుమారు కూడా అవుతాయి. చివరిసారి సుమారు 7,80,000 ఏళ్ల క్రితం జరిగింది. లావా చల్లబడేటప్పుడు అందులోని ఇనుప ఖనిజం అప్పటి క్షేత్రం దిశను పట్టి ఉంచుతుంది, ఆ రాళ్లను కొలిచే ఇదంతా తెలుసుకున్నారు.

ఈ క్షేత్రం బలం చాలా తక్కువ. టెస్లా అనే ప్రమాణంలో కొలిస్తే, ఒక టెస్లాలో సుమారు ఇరవై వేలో వంతు. ఆసుపత్రిలో ఎమ్మారై యంత్రం 1.5 టెస్లాలు ఉంటుంది, భూమి క్షేత్రానికి దాదాపు 30 వేల రెట్లు. అందుకే ఆ గదిలోకి ఇనుప వస్తువులు రానివ్వరు. బలం తక్కువైనా భూమి క్షేత్రం అంతరిక్షంలో వేల కిలోమీటర్లు విస్తరించి, సూర్యుడి నుంచి దూసుకొచ్చే విద్యుదావేశ కణాలను చాలావరకు పక్కకు మళ్లిస్తుంది. కొన్ని కణాలు క్షేత్రరేఖల వెంట ధ్రువ ప్రాంతాలకు దిగి గాలిని ఢీకొన్నప్పుడు ఆకాశంలో అరోరా కాంతులు కనిపిస్తాయి. అంగారకుడికి ఒకప్పుడు ఇలాంటి క్షేత్రం ఉండేది. దాదాపు 400 కోట్ల ఏళ్ల క్రితం ఆగిపోయింది. అక్కడి రాళ్లలో మాత్రం దాని గుర్తులు ఇంకా ఉన్నాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి బురదలో బతికే బాక్టీరియాది. 1975లో రిచర్డ్ బ్లేక్‌మోర్ అనే శాస్త్రవేత్త వీటి గురించి ప్రచురించాడు. ఒంట్లో మాగ్నటైట్ రేణువుల్ని వరసగా తయారుచేసుకుంటాయి, దిక్సూచి ముల్లు మింగినట్టే! ఉత్తరార్ధగోళంలో భూమి క్షేత్రరేఖలు ఉత్తరం వైపు పోతూ నేలలోకి వాలుతాయి. ఆ రేఖ వెంట ఉత్తరానికి ఈదితే కిందకు పోతున్నట్టే. పైనున్న నీళ్లలో ఆక్సిజన్ వాటికి ఎక్కువ, అడుగున బురదలో తక్కువ, బతకడానికి అదే హాయి. కళ్లులేని ప్రాణికి పైనేదో కిందేదో క్షేత్రం చెబుతోంది. సముద్ర తాబేళ్లు, వలస పక్షులు కూడా ఈ క్షేత్రాన్ని పసిగడతాయి.

ప్రశ్నలు అడగండి.

(ఒక అబ్బాయి: "సార్, వాడగా వాడగా అయస్కాంతం శక్తి అయిపోతుందా?")

లాగినంత మాత్రాన అయిపోదు నాన్నా, బ్యాటరీలా ఖర్చయ్యేది అందులో ఏమీ లేదు. కింద పడేస్తే, వేడిచేస్తే, తప్పుగా దాస్తే తగ్గుతుంది. దండాయస్కాంతాల్ని జతగా, విజాతి ధ్రువాలు పక్కపక్కన వచ్చేలా పెట్టి, రెండు కొసలకూ మెత్తని ఇనుప ముక్కలు ఆనించి దాచాలి.

(ఒక అమ్మాయి: "నీళ్లను అయస్కాంతం లాగుతుందా?")

చాలా మంచి ప్రశ్న. లాగదు, అతి స్వల్పంగా తోస్తుంది. మామూలు అయస్కాంతంతో అది కంటికి ఆనదు. 1997లో నెదర్లాండ్స్‌లో ఆంద్రే గైమ్, ఆయన తోటివాళ్లు 16 టెస్లాల క్షేత్రంలో బతికున్న చిన్న కప్పను గాలిలో తేలేలా నిలబెట్టారు. కప్ప ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే కదా! దానికేమీ కాలేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బొమ్మల్లో వచ్చే చిన్న మెరిసే నియోడిమియం అయస్కాంతాలు చాలా బలమైనవి. ఎప్పుడూ నోట్లో పెట్టుకోకండి, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అందనివ్వకండి. రెండు మింగితే పేగుల గోడల్ని మధ్యలో ఇరికించి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఎవరైనా మింగారని అనుమానం వచ్చినా వెంటనే పెద్దవాళ్లకు చెప్పాలి, ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక లేచి బల్లల దగ్గరికి రండి. ప్రతి బల్ల మీదా కాగితం, దండాయస్కాంతం, చిన్న దిక్సూచి, పెన్సిలు ఉన్నాయి. దిక్సూచిని ఉత్తర ధ్రువం పక్కన పెట్టి ముల్లు రెండు కొసల దగ్గరా చుక్కలు పెట్టండి. దిక్సూచిని జరిపి, ముల్లు తోక ఇందాక మొన దగ్గర పెట్టిన చుక్క మీదికి వచ్చేలా ఉంచి, మొన దగ్గర ఇంకో చుక్క పెట్టండి. అలా దక్షిణ ధ్రువం దాకా పోయి చుక్కలు కలపండి. అది మీరు స్వయంగా గీసిన బలరేఖ. ఒక బల్ల మీద మాత్రం కాగితం కింద ఒక ఇనుప ముక్క దాచాను. ఏ బల్లో చెప్పను. కాగితం ఎత్తకూడదు, తడమకూడదు. గీతలు ఎక్కడ అకారణంగా పక్కకు వంగాయో చూసి, ఇనుము ఎక్కడుందో ఆ చోట పెన్సిలుతో సున్నా చుట్టండి. భూమి పైనుంచి క్షేత్రం ఎక్కడెక్కడ మారుతోందో కొలిచి, లోపలున్న ఇనుప ఖనిజాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు వెతికేది ఈ పద్ధతిలోనే. సున్నా చుట్టాక నన్ను పిలవండి, అప్పుడు కాగితం ఎత్తుదాం.